‘ఇగ కాలేజీ బంద్’ అనకండి!

‘ఎక్కడున్నవ్? ఎవరితోని ఉన్నవ్? ఫొటో పెట్టు!’

ఇంటర్ చదివే అమ్మాయి ఫోన్‌కి గంటకోసారి ఇలాంటి మెసేజ్ వస్తోందనుకోండి. ధీమాగా ఉన్న పిల్లయితే ‘నీకెందుకు చెప్పాలి?’ అంటుంది. కానీ, ‘నేనెవరికీ అక్కర్లేదు’ అన్న దిగులులో నెలల తరబడి కూరుకుపోయిన పిల్లకు అది ప్రేమలా కనిపిస్తుంది. ‘నన్ను పట్టించుకునేవాడు ఒకడున్నాడు’ అనుకుంటుంది. తర్వాత పాస్‌వర్డ్ అడుగుతాడు. స్నేహితురాళ్లను దూరం చేస్తాడు. ఓ రోజు చెయ్యి చేసుకుంటాడు, మర్నాడు ఏడుస్తాడు. విడిపోదామంటే ‘చచ్చిపోతా’ అనో, ‘ఫొటోలు అందరికీ పంపుతా’ అనో బెదిరిస్తాడు. దాంతో దిగులు ఇంకా పెరుగుతుంది.

శ్రీశైలం రోడ్డు మీదున్న కందుకూరులో ఇప్పుడు భూముల ధరల గురించి ఎంతసేపైనా మాట్లాడుకుంటారు. పక్కనే మీర్‌ఖాన్‌పేటలో 2024 ఆగస్టులో స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన జరిగింది మరి! ఇంట్లో పిల్ల రెండు వారాలుగా సరిగా నిద్రపోవడం లేదన్న సంగతి మాత్రం ఎవరి మాటల్లోనూ రాదు. టీనేజీలో డిప్రెషన్ అంటే ఏడుస్తూ కూర్చోవడమే కాదు. చీటికీమాటికీ విసుక్కోవడం, తలనొప్పి, కడుపునొప్పి, ఇష్టమైనవి వదిలేయడం కూడా దాని లక్షణాలే. మనం దాన్ని ‘పొగరు’ అంటాం!

అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ‘డేట్ స్మార్ట్’ పేరుతో ఓ ప్రయోగం జరిగింది. అప్పటికే ప్రేమ బంధంలో హింసను చవిచూసిన టీనేజీ అమ్మాయిలను వారానికోసారి కూర్చోబెట్టారు. భయపెట్టే ఉపన్యాసాలు ఇవ్వలేదు. కుంగదీసే ఆలోచనను ఎలా గుర్తుపట్టాలి, కోపాన్ని ఎలా దాటాలి, ‘వద్దు’ అని ఎలా చెప్పాలి... ఇవే పాఠాలు. మనసును, బంధాన్ని కలిపి చూడటమే అందులోని కీలకం.

మన దగ్గర కథ వేరు. పిల్ల ధైర్యం చేసి నోరు విప్పిందా... ‘గా పోరనితోని నీకేం పని? ఇగ కాలేజీ బంద్!’ ఫోన్ లాక్కుంటారు, సంబంధాలు చూస్తారు. తెలంగాణలో 20-24 ఏళ్ల మహిళల్లో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఇదంతా పిల్లకు తెలుసు. అందుకే చెప్పదు. అవతలివాడి బలం కూడా అదే: ‘మీ నాయినకు చెప్పనా?’ అన్న ఒక్క మాటతో నెలల తరబడి ఆడిస్తాడు. చదువు ఆగదని ముందే తెలిసిన పిల్లను ఆ మాటతో బెదిరించలేడు.

కాబట్టి చెప్పిన రోజు అమ్మ అనాల్సింది ‘చెప్పి మంచి పని చేసినవ్ బిడ్డా, సదువు ఆగదు’ అనే. తిట్లు ఎప్పుడైనా తిట్టుకోవచ్చు.

పరువు పోతుందన్న భయమా? వేధింపులు లైంగికమైనవైతే, పిల్లకు 18 నిండకపోతే, 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. ఆ పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. పేరు పత్రికల్లో రాకూడదు. వద్దన్నా వెంటపడటం, ఫోన్‌లో నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. 2014లో మొదలైన షీ టీమ్స్‌కీ ఫిర్యాదు చేయొచ్చు.

దిగులు సంగతి మాట్లాడాలంటే టెలిమానస్ 14416. ఉచితం, రాత్రీపగలూ తెలుగులో పలుకుతారు. పిల్లల కోసం 1098, తక్షణ ప్రమాదమైతే 112. ఇంకో మాట... కోపంలో ఆ మెసేజ్‌లు తుడిచేయకండి. రేపు సాక్ష్యం అవే.