తన్నే హక్కు కోసం వాకౌట్

మాట నెగ్గకపోతే మీటింగులోంచి లేచి వచ్చేయడం మన విద్యార్థులకు కొత్త కాదు. అలాంటి వాకౌటే ఒక ఆట పుట్టుకకు దారితీసిందని చదివి నేను ఆశ్చర్యపోయాను.

లండన్ శివార్లలోని బ్లాక్‌హీత్‌లో ఒక స్కూలు పాత విద్యార్థులు 1858లో ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకున్నారు. జీతాల్లేవు, సరదాకే ఆట. అప్పట్లో ఎవరి రూల్సు వారివి. అందరికీ ఒకే రూల్సు ఉండాలని 1863లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. బంతి చేత్తో పట్టుకుని పరుగెత్తకూడదనీ, అలా పరుగెత్తేవాణ్ణి మోకాలి కింద తన్నకూడదనీ అక్కడ తీర్మానించారు. ఈ తన్నడానికి 'హాకింగ్' అని పేరు. అది తీసేస్తే ఆటలో తెగువ ఏం మిగులుతుందని బ్లాక్‌హీత్ ప్రతినిధి క్యాంప్‌బెల్ వాదించాడు. మాట చెల్లలేదు. డిసెంబరులో క్లబ్బు బయటికి వచ్చేసింది.

తమాషా ఏమిటంటే, 1871 జనవరి 26న బ్లాక్‌హీత్‌తో సహా 21 క్లబ్బులు కలిసి రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ స్థాపించాయి. ఆ ఏడాదే రాసుకున్న రూల్సులో హాకింగ్‌ను నిషేధించాయి! చేత్తో పరుగు నిలిచింది, తన్ను పోయింది. ఆ మార్చిలోనే స్కాట్లాండ్‌తో జరిగిన తొలి అంతర్జాతీయ పోటీలో ఇంగ్లండ్ కెప్టెన్ ఫ్రెడరిక్ స్టోక్స్ బ్లాక్‌హీత్ ఆటగాడే.

వాకౌట్ చేయడం తేలికే. బయటికొచ్చాక మన పంతంలో ఏది నిలుపుకోవాలో, ఏది వదులుకోవాలో తేల్చుకోవడమే కష్టం. బ్లాక్‌హీత్ వాళ్ళు ఆ పని చేశారు.