ఫాదమ్ అంటే బారెడు



నేను బి.కామ్. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే పదవీ విరమణ చేసినవాడిని. భాషా పండితుణ్ణి కాను. అయినా ఒక ఇంగ్లీషు మాట గురించి రాయడానికి కారణం ఉంది.

ఇటీవల మన ఉపకార వేతనం అందుకుంటున్న ఒక అమ్మాయి, బ్యాంకు పరీక్షకు చదువుకుంటూ నా దగ్గరకు వచ్చింది. "తాతగారూ, ఫాదమ్ అనే మాటకు ఆరు పర్యాయపదాలు కంఠతా వచ్చు. వాక్యం రాయమంటే మాత్రం రావడం లేదు" అంది. ఆమె రాసిన వాక్యం "దర్జీ గుడ్డను ఫాదమ్ చేశాడు" అని. నాకు నవ్వు రాలేదు. ఆ మాట ఒకప్పుడు నన్నూ ముంచింది.

ఫాదమ్ అంటే మన బార. రెండు చేతులూ చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకు ఉండే పొడవు. ఇంగ్లీషులో దానిని 6 అడుగులుగా, అంటే సుమారు 1.83 మీటర్లుగా స్థిరపరచారు. సంస్కృతంలో దీనినే వ్యామం అంటారు. కర్ణాటకలోని మన పిల్లలు "మారు" అనీ, తమిళనాడులోని వారు "పాగం" అనీ వినే ఉంటారు.

పూర్వం నావికులు సీసపు గుండు కట్టిన తాడును నీటిలోకి దించి, అది అడుగుకు తగిలాక తాడు ఎన్ని బారలు దిగిందో చూసేవారు. అమెరికా రచయిత శామ్యూల్ క్లెమెన్స్ కలంపేరైన మార్క్ ట్వేన్‌కు అర్థం కూడా రెండు బారల నీరు అనే. 12 అడుగులుంటే మిసిసిపీ నదిలో ఆవిరి పడవకు భయం లేదన్నమాట.

నీటి లోతు కొలిచే మాట క్రమంగా విషయం లోతు తెలుసుకోవడానికీ వచ్చింది. కనుక పర్యాయపదాలను రెండు ఖాతాలుగా రాసుకోండి. కొలవడం అనే ఖాతాలో సౌండ్, ప్లంబ్, గేజ్. గ్రహించడం అనే ఖాతాలో కాంప్రహెండ్, గ్రాస్ప్, అండర్‌స్టాండ్. ఇక్కడ సౌండ్ అంటే చప్పుడు కాదు, లోతు చూడటం. ప్లంబ్‌కు మూలం సీసం అనే లాటిన్ మాట. గేజ్ లోతుకే పరిమితం కాదు. ధవళేశ్వరం దగ్గర గేజ్ 11.75 అడుగులు చూపితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది గోదావరి నీటి మట్టం, లోతు కాదు.

తెలుగులోనూ ఇదే దారి కనబడుతుంది. అవగాహన అన్న మాటకు మూలార్థం నీటిలో మునగడం. అడుగు అందనిది అగాధం. గంభీరం అన్నది నీటికీ చెల్లుతుంది, మనిషికీ చెల్లుతుంది.

ఇక నా సంగతి. ఆఫీసరు పదోన్నతి పరీక్షలో ఒక వాక్యానికి అర్థం రాయమన్నారు. మేనేజరు నష్టానికి కారణాన్ని ఫాదమ్ చేయలేకపోయాడని దాని సారాంశం. నేను "మేనేజరు నష్టాన్ని కొలవలేకపోయాడు" అని రాశాను. "కారణం అంతుచిక్కలేదు" అని రాయవలసింది. ఆ ప్రశ్నకు రెండు మార్కులు. ఆ ఏడు నేను తప్పింది కూడా రెండు మార్కులతోనే. తర్వాత మళ్ళీ కూర్చోలేదు. అది నా పొరపాటే.

కనుక మూడు సంగతులు గుర్తుంచుకోండి. కొలత అర్థంలో ఫాదమ్ నీటి లోతుకే గాని గుడ్డకూ నేలకూ వాడరు. గ్రహించడం అనే అర్థంలో ఎక్కువగా "కాదు, లేదు" అనే వాక్యాల్లోనే వస్తుంది. అన్‌ఫాదమబుల్ అని కనబడితే "అంతుపట్టని" అని తెలుగులో అనుకుని చూడండి, వాక్యం దానంతట అదే కుదురుతుంది.

ఆ అమ్మాయి మర్నాడు వేరే వాక్యం రాసి తెచ్చింది: "అమ్మ ఇంత ఓపిక ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందో నేను ఫాదమ్ చేయలేను." దిద్దవలసిన అవసరం లేకపోయింది.