నిండిన ఆసనములు, మూగవోయిన మైదానములు

ఇంగ్లండు దేశమున ఫుట్‌బాలు లీగు 1888లో ఆరంభమైన నాటినుండి ఒక నియమము శతాబ్దమునకు పైగా చెక్కుచెదరక నిలిచినది: పరాయి ఊరిలో ఆడు జట్లకంటె సొంత మైదానమున ఆడు జట్లే ఏటేట హెచ్చు విజయములు పొందుచుండెను. 2020–21 సీజనులో, కరోనా మహమ్మారి కారణమున దాదాపు అన్ని ఆటలను ప్రేక్షకులు లేకయే నడిపినప్పుడు, ఆ నియమము తొలిసారిగా తలక్రిందయ్యెను. ప్రీమియర్ లీగునందలి 380 ఆటలలో సొంత జట్లు 144 గెలువగా అతిథి జట్లు 153 గెలిచినవి. పచ్చిక మారలేదు, కొలతలు మారలేదు, ఆటగాండ్రు మారలేదు. లోపించినది జనఘోష యొక్కటే. జట్టును ముందుకు నెట్టుటకును, ప్రత్యర్థిని తడబడజేయుటకును, కొండొకచో రెఫరీ తీర్పును సైతము కొంచెము మొగ్గజేయుటకును ఆ ఘోషకు శక్తి కలదని అనుభవజ్ఞులు ఏనాటినుండియో చెప్పుచుండిన మాటకు ఆ ఏడాది అంకెల సాక్ష్యము దొరకినది.

మహమ్మారి తొలగినది, ప్రేక్షకులు మరల వచ్చిరి. ప్రీమియర్ లీగు ఆటలకు నేడు సగటున 38 వేలకు తక్కువ గాకుండ జనము హాజరగుచున్నారు. నూరు కుర్చీలలో తొంబదియైదింటికి పైగా నిండుచున్నవి. పెద్ద క్లబ్బుల సీజను టిక్కెట్లకై పేరు నమోదు చేసికొని ఏండ్ల తరబడి వేచియుండువారు వేలకొలది కలరు. అయినను, చిన్ననాటినుండి ఆ మైదానములకు పోవుచున్న అభిమానులను కదిలించినచో మొదట వినవచ్చు ఫిర్యాదు, కుర్చీలు నిండినవి గాని మైదానము మూగవోయినదని. ఈ వైపరీత్యము ఎట్లు సంభవించెనో తెలియవలెనన్నచో, ప్రేక్షకుల సంఖ్యయు ప్రేక్షకుల స్వరమును ఒకటి కావనియు, ఒకదానిని పెంచిన ఉపాయమే మఱియొకదానిని హరింపగలదనియు గ్రహింపవలసి యున్నది.

శనివారము మధ్యాహ్నముతో పని ముగించుకొని, వారపు కూలి జేబులో వేసికొని, కర్మాగారమునుండి తిన్నగా మైదానమునకు నడచివచ్చు శ్రామికజనమే ఇంగ్లీషు ఫుట్‌బాలునకు తొలి పోషకులు. శనివారము మూడుగంటలకు ఆట మొదలుపెట్టు ఆచారము వారి తీరికనుండి పుట్టినదే. 1923 ఏప్రిల్ 28వ తేదీన లండనులోని వెంబ్లీ మైదానమున జరిగిన మొదటి కప్పు ఫైనలునాడు, లెక్కకు చేరినవారే 1,26,047 మంది కాగా, గోడలు దూకి వచ్చినవారితో కలిపి రెండు లక్షలు మించిరని అంచనా. పచ్చికమీదికి పొంగి వచ్చిన ఆ జనమును అశ్వికదళపు పోలీసులు ప్రక్కలకు తొలగించిన పిమ్మటగాని ఆట సాగలేదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన వెనుక, వినోదమునకు మొగము వాచియుండిన ప్రజలు 1948–49 సీజనులో లీగు ఆటలకు మొత్తముమీద 4 కోట్ల 10 లక్షలకు పైగా వచ్చిరి. అటుపిమ్మట ఇంటింట టెలివిజను వెలసెను, మోటారుకార్లు పెరిగి శనివారపు తీరికకు వేఱు దారులు చూపెను, గనులు, మిల్లులు మూతబడి పారిశ్రామిక నగరములు చిక్కిపోయెను, మైదానములు పాతబడెను, అల్లరిమూకల కొట్లాటలకు జడిసి సంసారులు రాక మానిరి. 1985–86 నాటికి ఆ సంఖ్య 1 కోటి 65 లక్షలకు దిగజారినది.

అయితే జనము తగ్గిన ఆ దినములలో సైతము ఘోష తగ్గలేదు. గోలుస్తంభముల వెనుక ఉండిన నిలువు మెట్లే ఆ ఘోషకు జన్మస్థానములు. అచ్చట కుర్చీలుండవు; సిమెంటు మెట్లమీద భుజము భుజము ఒరసికొనుచు నిలుచుండి చూడవలసినదే. వీనిలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది లివర్‌పూల్ నగరపు ఆన్‌ఫీల్డ్ మైదానమునందలి కాప్. 1900 జనవరిలో, దక్షిణాఫ్రికాలోని బోయరు యుద్ధమున, స్పయాన్ కాప్ అను కొండపై, లివర్‌పూల్ ప్రాంతమగు లాంకషైర్ సైనికులు పెక్కండ్రు హతులైరి. నాడు క్షతగాత్రులను మోసిన భారతీయ దళమున యువకుడగు గాంధీజీయు ఉండెను. 1906లో నిర్మించిన ఈ మెట్లకు స్మారకముగా ఆ కొండ పేరే పెట్టిరి. ఒక్క కప్పు క్రింద 28 వేలమంది నిలుచుటకు చోటున్న ఆ కాప్‌లో 1960ల నుండి గానము ఒక సంప్రదాయముగా నెలకొనెను. అందులకు సంగీతాభిరుచియే కారణమనుకొనరాదు. వరుస సంఖ్యల టిక్కెట్లు లేని ఆ దినములలో ముందు వచ్చినవారిదే మంచి చోటు. కావున యువకులు రెండు మూడు గంటల ముందుగనే చేరి, ప్రొద్దు పుచ్చుటకై నాటి జనరంజకమైన పాటలను అందుకొని, పదములు మార్చి, ఆటగాండ్ర పేర్లు చొప్పించి పాడుచుండిరి. గొంతున్నవారు తమవంటివారిని వెదకికొని నట్టనడుమ చేరుదురు. వారెత్తుకొన్న పల్లవి క్షణములో వేలగొంతులకు ప్రాకును. నిరీక్షణము, సాన్నిహిత్యము, స్నేహితుల చెంత నిలుచు స్వేచ్ఛ, ఈ మూడును కలిసి ఆ గానమును పుట్టించినవి.

అట్లని ఆ కాలమును స్వర్ణయుగమని కీర్తించుట న్యాయము కాదు. ఆ మెట్లమీదనే నల్లజాతి ఆటగాండ్రను కోతికూతలతో అవమానించిరి, అరటిపండ్లు విసరిరి. స్త్రీలకును వృద్ధులకును అచ్చట నిలువ తావుండెడిది కాదు. శౌచవసతులు తలచుకొనదగినవి కావు. 1985 మే నెలలో బ్రాడ్‌ఫర్డ్ మైదానపు కొయ్య కట్టడమునకు నిప్పంటుకొని 56 మంది కాలిపోయిరి. ఆ నెలలోనే బ్రస్సెల్సులోని హైసెల్ మైదానమున, లివర్‌పూల్ మూక ఇటలీ ప్రేక్షకులపై విరుచుకుపడగా గోడ కూలి 39 మంది మరణించిరి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డులోని హిల్స్‌బరో మైదానమున ఇనుపకంచెల నడుమ ఇరుకుకొని ఊపిరాడక పడినవారిలో చనిపోయినవారి లెక్క, ఏండ్లు గడచి కన్నుమూసినవారితో కలిపి, 97కు చేరినది. నింద మొదట అభిమానులమీదనే మోపిరి. వారి తప్పేమియు లేదని 2016లో జూరీ తేల్చెను.

హిల్స్‌బరో ఘోరముపై విచారణ జరిపిన న్యాయమూర్తి లార్డ్ టేలర్ 1990 జనవరిలో తుది నివేదిక సమర్పించి, నిలువు మెట్లు తొలగించి అందఱకును కుర్చీలు వేయవలెనని సూచించెను. పై శ్రేణుల క్లబ్బులు 1994 నాటికి ఆ సూచనను అమలు జరిపినవి. ఆ ఏడాది ఏప్రిల్ 30న కాప్ కడసారి నిలుచుండి పాడినది. నాటి ఆటలో నార్విచ్ జట్టు లివర్‌పూలును ఒక గోలుతో ఓడించెను. 28 వేలు నిలిచిన చోట సుమారు 12 వేల కుర్చీలు వెలసినవి. ఇందు విస్మరింపరాని సంగతి యొకటి కలదు: కుర్చీ వేసినంతమాత్రమున పేదవాని జేబుకు భారము కానక్కఱలేదని టేలర్ అదే నివేదికలో చెప్పి, గ్లాస్గోలోని ఇబ్రాక్స్ మైదానమున నిలువు చోటు 4 పౌండ్లు, కుర్చీ 6 పౌండ్లు మాత్రమేనని ఉదాహరించెను. క్లబ్బుల యజమానులు కుర్చీలను స్వీకరించిరి. ధరను గూర్చిన హితవును మాత్రము వదలివేసిరి. 1992లో పై శ్రేణి క్లబ్బులు విడిపోయి ప్రీమియర్ లీగుగా ఏర్పడి, ప్రసారహక్కులను అయిదేండ్లకు 30 కోట్ల పౌండ్లకు పైబడిన మొత్తమునకు అమ్ముకొన్నవి. 2025లో మొదలైన నాలుగేండ్ల స్వదేశ ప్రసార ఒప్పందము విలువ 670 కోట్ల పౌండ్లు. టిక్కెట్ల ధరలు వేతనములను మించి పరుగెత్తినవి.

ఘోష అణగిపోవుటకు గల హేతువులు ఈ మార్పులనుండియే విశదమగుచున్నవి. భజనమండలి సభ్యులను విడదీసి, చిడతలవానిని ఒక మూలను, మృదంగమువానిని వేఱొక మూలను, సంఖ్య వేసిన కుర్చీలలో అపరిచితుల నడుమ కూర్చుండబెట్టి భజన చేయుడనినచో ఎట్లుండునో, మైదానమున జరిగినదియు అట్టిదే. కుర్చీ ముందుగనే ఖరారైన కారణమున ఆటకు పది నిమిషములు ముందు వచ్చిన చాలును; నిరీక్షణముతోపాటు గానమునకు అవకాశము తొలగినది. నిలుచున్నవాడు గుండెనిండ గాలి పీల్చి అఱచును; కూర్చున్నవాడు వెనుకవాని అసౌకర్యమునకు జంకును. ఒకప్పుడు పదునాఱేండ్ల కుఱ్ఱడు తన చిల్లర సంపాదనతో ప్రతి శనివారమును వచ్చుచుండగా, నేడు అదే చోట తండ్రివయసువారు కూర్చుందురు. ప్రక్కన, జీవితములో ఒకసారి చూచిపోదమని ఖండాంతరమునుండి వచ్చిన యాత్రికుడు సెల్‌ఫోనుతో చిత్రములు తీసికొనుచుండును. కట్టడములును మారినవి. పాత మైదానములలో పచ్చిక అంచునకు చేరువగా, తక్కువ ఎత్తు కప్పుల క్రింద జనము క్రిక్కిరిసియుండుటచే ధ్వని తిరిగి ఆటగాండ్రమీదికే మ్రోగుచుండెను. 2016లో వెస్ట్ హామ్ జట్టు నూఱేండ్లకు పైబడిన తన అప్టన్ పార్కును విడిచి 2012 ఒలింపిక్స్ స్టేడియమునకు తరలినప్పుడు చోటు విస్తరించినది గాని, పరుగుపందెముల కొఱకు కట్టిన ఆ విశాల ప్రాంగణమున ప్రేక్షకునికిని బంతికిని నడుమ దూరము పెరిగినది.

ఈ మాటలు గతమును తలచి వగచు వృద్ధులవి మాత్రమే కావు. 2000 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్ నాయకుడు రాయ్ కీన్, సొంత ప్రేక్షకులలో కొందఱు మధుపానము చేసి రొయ్యల శాండ్‌విచ్ ఆరగించుటయే తప్ప మైదానమున జరుగుచున్నదేమో ఎఱుగరని బహిరంగముగా ఆక్షేపించెను. ఆ రొయ్యల శాండ్‌విచ్ నాటినుండి ధనిక ప్రేక్షకునికి ఎగతాళి గుర్తుగా నిలిచిపోయినది. అదే జట్టు శిక్షకుడు అలెక్స్ ఫెర్గూసన్ 2008 జనవరిలో, తమ మైదానము శవయాత్రవలె నిశ్శబ్దముగ నున్నదని విసుగుకొనెను. ఇందులోని విడ్డూరమేమనగా, ప్రసారసంస్థలు దేశదేశముల వీక్షకులకు అమ్ముచున్న సరకులో సగము ఆ జనఘోషయే. 2020లో ఖాళీ మైదానముల ఆటలు చూపవలసి వచ్చినప్పుడు, వీడియో ఆటలకై భద్రపఱచిన జనఘోషను జోడించి ప్రసారము చేసిరి. అనగా ఘోష విలువ వ్యాపారులకు చక్కగా తెలియును. దానిని పుట్టించువాడు టిక్కెట్టు కొనగలడా యను విచారము మాత్రము వారికి లేదు.

ప్రేక్షకులు సంఘటితమైన చోట యజమానులు దిగివచ్చిన సందర్భములును లేకపోలేదు. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ క్లబ్బు 77 పౌండ్ల టిక్కెట్టును ప్రకటింపగా, సండర్లాండుతో ఆట 77వ నిమిషమునకు చేరగానే వేలాది అభిమానులు లేచి వెలుపలికి నడచిరి. అప్పటికి రెండు గోలుల ఆధిక్యముతో నున్న జట్టు ఆ మిగిలిన కొద్దిసేపటిలో రెండు గోలులు ఇచ్చుకొనెను. కొలది దినములలోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధరను ఉపసంహరించుకొనిరి. ఆ ఏడాదియే అతిథి జట్టు అభిమానుల టిక్కెట్టు 30 పౌండ్లు మించరాదని లీగు నియమించెను. 2022 నుండి, ప్రతి వరుసకు ఇనుపకమ్మి అమర్చి సురక్షితముగ నిలుచుండి చూచు ఏర్పాటునకు ప్రభుత్వము అనుమతి నిచ్చినది.

జర్మనీ దేశము మొదటినుండియు వేఱు మార్గము త్రొక్కెను. అచ్చటి నియమము ననుసరించి, కొన్ని మినహాయింపులు తప్ప, క్లబ్బు ఓటుహక్కులలో సగమునకు మించిన భాగము సభ్యుల చేతనే ఉండవలెను. డార్ట్‌మండ్ నగరపు మైదానమున 81 వేలకు పైగా చోట్లుండగా, దక్షిణపు వైపున ఒక్క వాలులోనే సుమారు 25 వేలమంది నిలుచుందురు. పసుపు గోడగా పేరొందిన ఆ చోటికి టిక్కెట్టు ధర ఉద్దేశపూర్వకముగ తక్కువగా ఉంచుదురు. సోమవారపు రాత్రి ఆటలు ఉద్యోగస్థులకు ఇబ్బందియని అభిమానులు పోరాడగా 2021 నుండి వానిని రద్దుచేసిరి. 2024లో లీగు ప్రసారవ్యాపారమున బయటి మదుపుదారునకు వాటా అమ్మజూచినప్పుడు, అభిమానులు టెన్నిసు బంతులు మైదానములోనికి విసరి ఆటలను పదేపదే ఆపించి, ఆ ప్రయత్నమును విరమింపజేసిరి. సంఖ్యను, స్వరమును రెంటిని నిలుపుకొనుట అసాధ్యము కాదనుటకు ఇది చాలును.

మన దేశమునకు వచ్చినచో, సంఖ్యకే కఱవు. 1997 జూలైలో కలకత్తా సాల్ట్‌లేక్ స్టేడియమున ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్ల పోరు చూచుటకు 1 లక్షా 31 వేలమందికి పైగా రాగా, 2018 జూన్ 1న బొంబాయిలో భారతజట్టు చైనీస్ తైపేని అయిదు గోలులతో ఓడించిననాడు ఉన్నవారు 2,569 మంది మాత్రమే. నాయకుడు సునీల్ ఛెత్రి, తిట్టుటకైనను వచ్చి చూడుడని ప్రజలను వేడుకొనగా తరువాతి ఆటకు టిక్కెట్లన్నియు అమ్ముడుపోయినవి. హైదరాబాదు కథ మఱింత విచారకరము. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 మొదలు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచిన నగరమది. 2019లో వెలసిన హైదరాబాద్ ఎఫ్.సి. క్లబ్బు 2021–22లో ఇండియన్ సూపర్ లీగు విజేత యయ్యెను. కాని మహమ్మారి కారణమున ఆ సీజను ఆటలన్నియు గోవాలోనే జరుగుటచే, సొంత ఊరి జనము ఎదుట ఒక్క ఆటయు ఆడకయే ఆ కప్పు గెలిచినది. క్లబ్బునకును ఊరికిని బంధము ముదురకముందే ఆర్థికపు చిక్కులు చుట్టుకొనగా, 2025లో అది పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను.

కాబట్టి క్రీడాంగణములు కట్టదలచు ప్రభుత్వములకును, క్లబ్బులు కొనదలచు ధనవంతులకును మనవి యొక్కటి. పైకప్పు ఎత్తుటకును దీపములు వెలిగించుటకును ముందుగా, ఆ ఊరి కళాశాల విద్యార్థియు, దినకూలియు కొనగల ధరలో ఒక వైపు మెట్లను కేటాయింపుడు. స్నేహితులు కలిసి నిలుచుటకు సురక్షితమైన చోటు కల్పింపుడు. ఆటవేళలు నిర్ణయించునప్పుడు టెలివిజనువారితోపాటు, ఇల్లు చేరుటకు కడపటి బస్సు నందుకొనవలసినవానిని గూడ అడుగుడు. ఇవి చేయక, కుర్చీలు నిండినవని సంతసించుట ఆదాయపు లెక్కకు సరిపోవును గాని ఆటకు సరిపోదు.