పాక్షిక జేసన్ దత్తాంశంతో నవీకరణ: గ్రంథసూచిక ఆధారంగా పరిశీలన

1. ఉపోద్ఘాతం:

డిజిటల్ గ్రంథసూచికలో ఒక్కొక్క గ్రంథం వివరాలను కంప్యూటర్ ప్రోగ్రాము ఒక 'ఆబ్జెక్టు'గా నిర్వహిస్తుంది. ఆ వివరాలను ఇచ్చిపుచ్చుకోవడానికి విస్తృతంగా వాడుకలో ఉన్న పాఠ్యరూపం జేసన్. ఇందులో ప్రతి అంశానికీ ఒక పేరు, ఒక విలువ ఉంటాయి. నమోదు మొత్తాన్నీ తిరిగి పంపకుండా, మారిన అంశాలను మాత్రమే పంపి సవరించడమే పాక్షిక నవీకరణ. వెబ్‌లో ఇందుకు ఉపకరించే 'ప్యాచ్' అభ్యర్థనను ఆర్.ఎఫ్.సి. 5789 (2010) నిర్వచించింది. పంపని అంశాన్ని ప్రోగ్రాము ఎలా అర్థం చేసుకోవాలన్నది ఇక్కడ ప్రధాన సమస్య.

2. ప్రస్తావించకపోవడం – తొలగించడం:

'కన్యాశుల్కం' నమోదులో శీర్షిక, రచయిత, ప్రక్రియ, ముద్రణలు అనే అంశాలున్నాయనుకుందాం. ప్రక్రియను మాత్రమే సవరించి పంపినప్పుడు మిగిలినవి యథాతథంగా నిలవాలి. అలాకాక, వచ్చిన జేసన్‌తో ప్రోగ్రాము కొత్త ఆబ్జెక్టును నిర్మించి పాతదాని స్థానంలో ఉంచితే, రచయిత పేరుతో సహా పంపని అంశాలన్నీ లోపిస్తాయి. 'ప్రస్తావించలేదు', 'తొలగించు' అనే రెండు భిన్నార్థాలు ఒకటైపోవడమే ఇందుకు కారణం. జేసన్ మెర్జ్ ప్యాచ్ (ఆర్.ఎఫ్.సి. 7396, 2014) వీటిని వేరుచేసింది. దాని ప్రకారం అంశం పేరు రాకపోతే పాత విలువ నిలుస్తుంది. పేరు వచ్చి, విలువ 'నల్' అయితే ఆ అంశం తొలగిపోతుంది.

3. జాబితాల విషయం:

మెర్జ్ ప్యాచ్ జాబితాలను కలపదు. పాత జాబితా స్థానంలో కొత్తదాన్ని ఉంచుతుంది. కన్యాశుల్కం తొలి ముద్రణ 1897లో, మలి ముద్రణ 1909లో వెలువడ్డాయి. 'ముద్రణలు' జాబితాలో 1897 మాత్రమే ఉన్నప్పుడు, రెండవదాన్ని చేర్చే ఉద్దేశంతో [1909] అని పంపితే 1897 చెరిగిపోతుంది. మలి ముద్రణకు గురజాడ నాటకాన్ని విస్తృతంగా తిరగరాశారు. కాబట్టి ఆ సంవత్సరం చెరిగిపోతే, సూచికపై ఆధారపడే పరిశోధకునికి తొలి పాఠం ఉన్నట్టే తెలియదు.

దీనికి రెండు పరిష్కారాలున్నాయి. మొదటిది, [1897, 1909] అని పూర్తి జాబితాను పంపడం. రెండవది, జేసన్ ప్యాచ్ (ఆర్.ఎఫ్.సి. 6902, 2013) ద్వారా, జాబితా చివర 1909ను చేర్చమని ఆదేశించడం. ఇందులోని 'టెస్ట్' ఆదేశం ప్రస్తుత విలువ ఊహించినదేనా అని సరిచూస్తుంది. కాకపోతే ఆ అభ్యర్థనలోని ఏ సవరణా అమలు కాదు. ఒకే నమోదును పలువురు సవరించే చోట ఇది ఎంతో అవసరం.

4. ముగింపు:

ఒక్కొక్క అంశాన్ని సవరించడానికి మెర్జ్ ప్యాచ్ సరళమైనది. జాబితాలున్న నమోదులకు జేసన్ ప్యాచ్ అనుకూలం. సాహిత్య సూచికలను రూపొందించేవారు లేని అంశానికీ, 'నల్' విలువకూ, జాబితాకూ వర్తించే నియమాలను ముందే నిర్ణయించి లిఖితపూర్వకంగా ఉంచితే, ఒక సవరణ వల్ల మరొక సమాచారం నశించకుండా కాపాడవచ్చు.