నిడివి తగ్గిన పాట విలువ తగ్గిన పాటయేనా?

సంగీతాభిమానుల నోట ఒక ఫిర్యాదు తరచుగా వినవస్తూ ఉంటుంది. వెనుకటివారు ఎంతో గంభీరంగా, విస్తారంగా పాడేవారనీ, ఇప్పటివారు జనాన్ని మెప్పించడం కోసం దానిని కురచచేసి, తేలికచేసి, చివరకు పలుచన చేసినారనీ ఆ ఫిర్యాదు. నాటక పద్యం విషయంలో ఈ మాట అన్నారు. ఇంగ్లండులోని రాక్ బృందాలను గూర్చి అన్నారు. మన తూర్పు కనుమలలోని ధింసాను గూర్చి నేడు అంటున్నారు. దీర్ఘమైన కళ హ్రస్వమైనప్పుడు నిజంగా పోయినదేమి, పోయినదని మనం భ్రమపడినదేమి అన్న విషయాన్ని విచారించడమే ఈ ప్రసంగానికి ఉద్దేశం. ముందుగా దూరదేశపు ఉదాహరణ నొకదానిని చూచి, అక్కడినుండి విజయనగరం మీదుగా లంబసింగి కొండలకు చేరుకొందాము.

1967లో ఇంగ్లండులోని చార్టర్‌హౌస్ పాఠశాల విద్యార్థులు కొందరు కలసి ‘జెనిసిస్’ అనే బృందంగా ఏర్పడినారు. రాక్ సంగీతమంటే ఎలక్ట్రిక్ గిటార్ల మీద, డ్రమ్ముల మీద నడిచే మూడు నాలుగు నిమిషాల పాట అని అప్పటికి వాడుక. ఆ పరిధి తమకు చాలదనుకొన్న కొన్ని బృందాలు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని బహుఖండ రచననూ, లయభేదాలనూ, కథాకథనాన్నీ అందులోనికి తీసుకొనివచ్చినవి. ఈ పద్ధతికి ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు. 1972లో జెనిసిస్ వారు వెలువరించిన ‘ఫాక్స్‌ట్రాట్’ అనే ఎల్పీ రికార్డులో ‘సప్పర్స్ రెడీ’ అనే రచన ఉన్నది. దాని నిడివి సుమారు 23 నిమిషాలు. అందులో ఏడు ఖండాలు. ఒక ఖండంలో లయ తొమ్మిది లెక్కలతో నడుస్తుంది. మన సంకీర్ణ జాతిని ఎరిగిన శ్రోతకు ఆ లెక్క కొత్తగా తోచదు. తొలి ఖండంలో వినిపించిన భావం ఎన్నో మలుపుల తరువాత చివర తిరిగి వచ్చి రచనను ముగిస్తుంది.

1975లో ఆ బృందపు గాయకుడు పీటర్ గేబ్రియల్, 1977లో గిటారు వాదకుడు స్టీవ్ హేకెట్ విడిపోయినారు. డ్రమ్ములు వాయించే ఫిల్ కాలిన్స్ గాయకుడు కూడా అయినాడు. మిగిలిన ముగ్గురూ 1978లో ‘ఫాలో యూ ఫాలో మీ’ అనే సరళమైన ప్రేమగీతాన్ని వెలువరించగా అది బ్రిటనులో బహుళ జనాదరణ పొందినది. 1986 నాటికి ‘ఇన్విజిబుల్ టచ్’ అనే పాట అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానాన్నే అందుకొన్నది. పాత అభిమానులు నొచ్చుకొన్నారు. కథలు చెప్పినవారు కాసులకు లొంగినారని నిందించినారు.

ఆ నింద పూర్తిగా నిరాధారమైనది కాదు. వెనుకటి కథాసంవిధానం తగ్గినది; గిటార్ల సన్నని అల్లిక తగ్గినది. అయితే ఆ పొట్టి పాటలను ఓపికగా విన్నవారికి మరొక సంగతి తెలుస్తుంది. 1980 నాటి వారి ‘టర్న్ ఇట్ ఆన్ అగైన్’ చెవికి సులువుగా వినిపించే పాట. జనాదరణ కూడా పొందినది. దాని ఆవృత్తం మాత్రం పదమూడు లెక్కలది. మామూలు నాలుగు లెక్కల పాట అనుకొని అడుగు కలిపినవాడు ఒకచోట తడబడవలసినదే. ఇక ‘ఇన్విజిబుల్ టచ్’ పాట ఏ రికార్డులో ఉన్నదో ఆ రికార్డులోనే ‘డామినో’ అనే రెండు భాగాల రచన పది నిమిషాలకు పైగా సాగుతుంది. చిన్న పాట కోసం రికార్డు కొన్నవారి యింటికి పెద్ద రచన కూడా వచ్చి చేరినదన్నమాట. కనుక ఆ బృందం విద్యను వదలుకొన్నదనడం కంటె, విద్యలో కొంత వదలి, కొంత చిన్న పాటలో దాచినదనడం న్యాయంగా ఉంటుంది.

ఇటువంటి మలుపు మన తెలుగుదేశంలోనూ వచ్చినది. పద్యనాటకానికి ప్రాభవం ఉన్న రోజులలో నటుడు ఒక పద్యాన్ని ఎత్తుకొని, రాగాన్ని సాగదీసి, చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా వినబడేటట్లు పాడవలసివచ్చేది. ‘వన్స్‌మోర్’ అన్న కేక వినబడితే మళ్లీ పాడవలసివచ్చేది. తరువాత మైక్రోఫోను వచ్చినది. గ్రామఫోను రికార్డు వచ్చినది. 78 వేగపు రికార్డు ఒక వైపున పట్టేది మూడు, మూడున్నర నిమిషాల పాట మాత్రమే.

ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) ఈ రెండు యుగాల నడుమ నిలిచిన గాయకుడు. 1919లో నెలకొన్న విజయనగరం సంగీత కళాశాలలో, సాలూరుకు చెందిన పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యరికంలో శాస్త్రీయ సంగీతం అభ్యసించినవాడు. ఆయన పద్యం పాడినప్పుడు ఆలాపన పద్యార్థానికి ఎంత కావలెనో అంతకే పరిమితమయ్యేది. ప్రతి అక్షరం స్పష్టంగా వినబడేది. రంగస్థలపు దీర్ఘాలాపనలకు అలవాటుపడిన చెవులకు ఇది కొరతగా తోచడం సహజమే. కాని జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి ‘పుష్పవిలాపం’ పద్యాలను ఆయన గొంతున విన్నవారిలో నాటకశాల గడప తొక్కనివారు ఎందరో ఉన్నారు. రాగచ్ఛాయ నాలుగైదు స్వరాలలోనే నిలిచినది. గొంతు పెంచవలసిన పని మైక్రోఫోను తప్పించినందున, భావానికి తగినట్లు గొంతు తగ్గించే స్వేచ్ఛ గాయకునికి లభించినది. ఒక విస్తారం పోయినచోట ఒక సూక్ష్మత చేరినది. అట్లని నాటకపద్యం అంతరించలేదు; నేటికీ మన ఊళ్లలో తిరునాళ్ల రాత్రులలో సాగతీసిన రాగాలకు చప్పట్లు మ్రోగుతూనే ఉన్నవి.

ఇక సాలూరు విడిచి కనుమ ఎక్కుదాము. అరకు, పాడేరు, చింతపల్లి – ఈ కొండల వరుసలో లంబసింగి ఉన్నది. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరు చలికి పేరుపొందినది. కొర్రబయలు అని దీనికి మరొక పేరు. ఆరుబయట నిలిచినవాడు కొయ్యవలె బిగిసిపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. మార్గశిర పుష్య మాసాలలో తెల్లవారుజామున పొగమంచును చూడడానికి మైదానం నుండి జనం తండోపతండాలుగా వస్తారు. అటువంటి అతిథులకు అరకులోనూ, ఈ కొండలలోని ఇతర విడుదులలోనూ సాయంవేళ చూపే వినోదాలలో ధింసా ఒకటి. నెగడు ప్రక్కన పది పదిహేను నిమిషాలు ఆట జరుగుతుంది. చివర అతిథులు కూడా గొలుసులో చేరి ఫోటోలు తీయించుకొంటారు.

ఊరిలో జరిగే ధింసా ఇంతకంటె ఎంతో పెద్దది. వాల్మీకి, భగత, ఖోండు, కోటియా మొదలైన తెగలవారు చైత్రమాసపు పండుగలలోను, వివాహాలలోను దీనిని ఆడుతారు. స్త్రీలు ఒకరి వీపు వెనుకనుండి మరొకరు చేతులు పెనవేసుకొని గొలుసుగా నిలుస్తారు. పురుషులు మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు వాయిస్తారు. మోరి మన సన్నాయి జాతికి చెందినది. గొలుసును నడిపించే పిలుపు దానిదే. పండుగనాడు ఒక ఊరివారు మరొక ఊరికి వెళ్లి, అక్కడివారితో కలసి ఆడి, సహపంక్తిని విందు ఆరగిస్తారు. ఈ రాకపోకల ఆటకు ‘సంకిడి కెల్బార్’ అని పేరు. అంటే ధింసా ఒక నృత్యం మాత్రమే కాక, రెండు ఊళ్ల నడుమ పొత్తును నిలిపే ఏర్పాటు కూడాను.

ధింసాలో భేదాలు అనేకం. గ్రామదేవత గౌరవార్థం ఆడేది బోడ ధింసా. పురుషులు కుడివైపున, స్త్రీలు ఎడమవైపున రెండు వరుసలుగా నిలువగా, నెమలి ఈకల కుంచె చేతబట్టిన నాయకుడు ముందు నడుస్తాడు. రెండు వరుసలూ కలసి పామువలె మెలికలు తిరిగి చివరకు వలయమవుతవి. ఉస్కు ధింసా అని కూడా పిలిచే గుండేరి ధింసాలో పురుషుడు పాట పాడి స్త్రీలను ఆటకు ఆహ్వానిస్తాడు. గొడ్డిబేట ధింసాలో వంగుతూ లేస్తూ ముందుకు వెనుకకు ఊగుతారు. పొత్తర్‌తోల ధింసా ఆకులు ఏరడాన్ని అభినయిస్తుంది. భాగ్ ధింసా పులి బారినుండి తప్పించుకొనే ఉపాయాన్ని చూపుతుంది. నాటికారి ధింసా ఒంటరిగా ఆడేది. వాల్మీకులు దీపావళికి ఆడుతారు. కుండ ధింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకొంటూ ఊగుతారు. బాయ ధింసా దేవత ఆవహించిన గణాచారి ఆట. అడవి, వేట, పూజ, పెండ్లి – కొండ బ్రతుకు సమస్తం ఈ ఎనిమిదింటిలో ఇమిడి ఉన్నది.

దీనిని పదిహేను నిమిషాలకు కుదిస్తే ఏమవుతుంది? ఆట చెడిపోతుందనేవారు ఒక విషయాన్ని మరచిపోరాదు. కృతిని చరణం మధ్యలో ఆపితే అది భగ్నమవుతుంది. ధింసా అట్టిది కాదు. అది విడివిడి ఆటల సముదాయం. పొత్తర్‌తోల ఒక్కటే ఆడినా దానికి మొదలూ తుదీ ఉన్నవి. వేదిక మీద కూడా గొలుసు తెగదు. అడుగుకూ తుడుముకూ ఉన్న లంకె తెగదు. పైగా ఆటకు ప్రతిఫలం ముట్టడం, తమ విద్యను బయటివారు కొనియాడడం ఆ కళాకారులకు చిన్న విషయాలు కావు. కొండ దిగి పట్టణపు వేదిక మీద ఆడినంత మాత్రాన వారి కళ కలుషితమైనదనడం, వారిని గాజు పెట్టెలో బొమ్మలుగా ఉంచగోరడమే అవుతుంది.

అయితే నష్టం లేకపోలేదు. ఆ నష్టం నిమిషాలలో కాక వేరొకచోట ఉన్నది. ఊరిలో ఒక ఆట నుండి మరొక ఆటకు ఎప్పుడు మారవలెనో మోరి ఊదేవారు, గొలుసుకు ముందున్నవారు నిర్ణయిస్తారు. విడుదిలో ఆ నిర్ణయం నిర్వాహకుని చేతి గడియారానిది. బోడ ధింసా పూజ అని చూచేవారికి ఎవరూ చెప్పరు. బాయ ధింసాలోని ఆవేశం, సందర్భం తెలియని చూపరులకు హాస్యంగా కనబడుతుంది. ఒంటరి ఆట అయిన నాటికారికి గొలుసాట కోరే వేదిక మీద చోటు దొరకడం కష్టం. అన్నిటినీ కలిపి ‘గిరిజన నృత్యం’ అన్న ఒక్క మాటతో ప్రకటించి ముగించినప్పుడు, ఎనిమిది పేర్లున్న విద్య పేరులేనిదవుతున్నది. కాలం తగ్గడం కంటె పేరు పోవడం పెద్ద నష్టం. పేరు పోయిన భేదం ఒక తరం గడిచేసరికి అడుగులలోనుండి కూడా పోతుంది.

ఈ మూడు ఉదాహరణలను ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే, ఇటువంటి మార్పును తూచడానికి రెండు ప్రశ్నలు సరిపోతవని తోస్తున్నది. పొట్టిదైన రూపంలో కళయొక్క పట్టు నిలిచి ఉన్నదా అనేది మొదటిది. జెనిసిస్ పాటలోని పదమూడు లెక్కలు, ఘంటసాల పద్యంలోని రాగచ్ఛాయ, ధింసాలోని తెగని గొలుసు – ఇవి ఆ పట్టుకు గుర్తులు. దీర్ఘరూపం మరెక్కడైనా సజీవంగా ఉన్నదా అనేది రెండవది. పొట్టి పాటల సరసన ‘డామినో’ ఉన్నట్లు, సినిమా పద్యం ఉండగానే ఊరి నాటకం ఉన్నట్లు, విడుదిలోని పదిహేను నిమిషాల వెనుక చైత్రపు రాత్రి కూడా ఉండవలెను. ఈ రెంటికీ సమాధానం అవునని వచ్చినంతకాలం చిన్న రూపాన్ని నిందించవలసిన పని లేదు. అది పెద్ద ఇంటికి వీధి అరుగు వంటిది. అరుగు మీద కూర్చున్నవారిలో కొందరైనా లోపలికి వస్తారు. లోపల ఇల్లే లేకపోతే మాత్రం అరుగు ఎంత అందంగా ఉన్నా ప్రయోజనం లేదు.

రెండవ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవారు ఆ ఊళ్లవారే. పండుగ నాటికి పిల్లలు ఊరిలో ఉండడం, మోరి ఊదడం ఒకరికొకరు నేర్పుకోవడం, పొరుగూరికి ఆటకు వెళ్లే తీరిక దొరకడం – ఇవన్నీ వారి జీవనంతో ముడిపడిన విషయాలు. మొదటి ప్రశ్నలో మాత్రం మన భాగం ఉన్నది. నిర్వాహకులు ఆడబోయేది ఏ ధింసాయో, ఏ ఊరి బృందమో ముందుగా ప్రకటించవలెను. దేనిని ఆడవలెనో, ఎప్పుడు ఆపవలెనో బృందపు పెద్దలకే విడిచిపెట్టవలెను. ధ్వనిముద్రణ ప్రసారం చేసే మా రేడియోవారికీ ఇదే నియమం వర్తిస్తుంది. ఆట మొదలుకాకముందు తుడుము సరిచూసుకొనే చప్పుడు, మోరి మొదటి పిలుపు కూడా ఆ కళలోని భాగాలే, వాటిని కత్తిరించనక్కరలేదు.

శ్రోతలకు ఒక మనవి. ఈ శీతకాలం లంబసింగికో అరకుకో వెళ్లి ధింసా చూడడం తటస్థిస్తే, గొలుసులో చేరడానికి ముందు అది ఏ ధింసాయో ఆడేవారిని అడగండి. వారు పేరు చెబుతారు. అర్థం కూడా చెబుతారు. పులి ఎక్కడ ఉన్నదో, ఆకులు ఏరే చేయి ఏదో తెలిసిన తరువాత చూచిన పది నిమిషాలు, తెలియక చూచిన గంటకంటె నిండుగా ఉంటవి.