ఇప్పపూవుతో కారు నడుస్తుందా?

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే అడవి నిండా ఇప్ప, కానుగ చెట్లు. ఇవతల అశ్వారావుపేట, దమ్మపేటల్లో ఎటు చూసినా పామాయిల్ తోటలు. ఇన్ని ఉండగా పెట్రోలు ఎక్కడి నుంచో తెచ్చుకోవడం ఎందుకన్న ప్రశ్న సహజమే. జవాబు మాత్రం ఇంజన్‌ను బట్టి ఉంటుంది.

పెట్రోలు ఇంజన్‌లో ఇంధనం ముందే ఆవిరై గాలితో కలవాలి, స్పార్క్ ప్లగ్ రవ్వ తగిలాకే మండాలి. కానుగ నూనె, పామాయిల్ చిక్కగా ఉంటాయి, అంత తేలిగ్గా ఆవిరి కావు. అవి డీజిల్ ఇంజన్‌కు పనికొచ్చేవి. అక్కడ ప్లగ్ ఉండదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గిరిజన మహిళలు తీసిన కానుగ నూనె డీజిల్ వాడకాన్ని, దాని పొగను తగ్గిస్తుందని 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది.

ఇప్పపూవు దారి వేరు. ఎండు పూవులో సగానికి పైగా చక్కెరే. పులియబెట్టి బట్టీ పెడితే సారా వస్తుంది, అందులో మండేది ఇథనాల్. అది పెట్రోలు ఇంజన్‌కు బాగానే సరిపోతుంది, రవ్వకు ముందే అంటుకోకుండా ఆపే ఆక్టేన్ కూడా ఎక్కువే. చిక్కంతా నీళ్లతోనే. మామూలుగా ఎన్నిసార్లు కాచినా ఇథనాల్ 96 శాతం దగ్గర ఆగిపోతుంది, ఆపైన నీరూ దానితో పాటే ఆవిరవుతుంది. పెట్రోలులో కలపాలంటే 99.5 శాతం ఉండాలి. లేకపోతే నీరు ఇథనాల్‌ను లాక్కుని ట్యాంకు అడుగుకు చేరుతుంది. ఆ చివరి తడిని ఫ్యాక్టరీలు జియోలైట్ గుళికలతో పీల్చేస్తాయి. నాటుసారాను కారులో పోయవద్దనేది అందుకే.

ఇప్పుడు బంకు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలే. చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీస్తున్నారు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలుతో పోలిస్తే మూడింట రెండొంతులే కాబట్టి, ఈ మిశ్రమంలో శక్తి దాదాపు 7 శాతం తగ్గుతుంది, మైలేజీ కొంత పడుతుంది. పాత కారైతే రబ్బరు పైపులు, సీళ్లు మెకానిక్‌కు చూపించుకోవాలి.

ఇప్పపూవును కార్లకు మళ్లించాలనే మాట నాకు ససేమిరా నచ్చదు. 40 లీటర్ల ట్యాంకు ఒక్కసారి ఇథనాల్‌తో నిండాలంటే క్వింటాకు తక్కువ కాకుండా ఎండు పూవు కావాలి. కోయల ఇళ్లలో అది తిండి, చేతి ఖర్చుకు డబ్బు, పండగ. వేసవి తెల్లవారుజామున ఒక్కో పూవూ వంగి ఏరుకునేది.

ఇప్పపూవుకు బదులు వరిగడ్డిని చూడొచ్చు. దాని నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ పానిపట్‌లో 2022లోనే మొదలైంది. పీచులోంచి చక్కెర విడదీయడం ఖరీదైన పనే. అయినా ఖమ్మం పొలాల్లో కోత మిషను వెనక మిగిలే గడ్డిలో, పశువుల మేతకు పోగా తగలబెట్టేదాని మీద ఆ ఖర్చు పెట్టి చూడాలి.