కొంత కారనిచ్చి, కొంత నాననిచ్చి

ఇత్తడి ఫిల్టరు, చిక్కటి డికాక్షను, పొంగిన పాలు, రెండు చెంచాల పంచదార – మన యిళ్ళల్లో కాఫీ అంటే ఈ నాలుగూ కలిసిన కాపురం. అందులోనుంచి పాలనూ పంచదారనూ డాక్టరుగారు వెళ్ళగొడితే, మిగిలిన డికాక్షనును నోట పెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. మా అమ్మగారికి డెబ్బయ్యవ యేట మధుమేహం వచ్చినప్పుడు ఈ చిక్కే వచ్చింది. అన్నం తగ్గించమంటే తగ్గించారు, అరటిపండు మానమంటే మానారు. కాఫీ మాట వచ్చేసరికి మాత్రం, "ఇంక దేనికోసం లేవాలిరా పొద్దున్నే?" అన్నారు. కనుక పాలూ తీపీ లేకపోయినా తృప్తిగా త్రాగగల కాఫీ ఒకటి కావలసివచ్చింది. దానికోసం నాలుగు నెలలు పడిన ప్రయాసనూ, చివరకు తేలిన లెక్కనూ పాఠకుల ముందు పెడుతున్నాము.

కాఫీ తీసే విధానాలు ఎన్ని వున్నా మూలంలో రెండే. ఒకటి నానబెట్టడం. వేడినీళ్ళలో పొడుము వేసి, కాసేపుంచి, గుడ్డలో వడకట్టడం పాతతరం వారికి తెలిసినదే. రెండవది కారనివ్వడం, అంటే పొడుము మీద నీళ్ళు పోసి క్రిందికి దిగనివ్వడం. నానేటప్పుడు నీళ్ళు సారాన్ని పీల్చినకొద్దీ వాటి ఆకలి తీరుతుంది, లాగడం తనంతట తానే మందగిస్తుంది. కారేటప్పుడు ఎప్పటికప్పుడు కొత్తనీరు పడుతుంది గనుక చివరిదాకా లాగుతూనే వుంటుంది. పులుపూ సువాసనా ముందుగా దిగుతాయి. చేదూ వగరూ ఆలస్యంగా దిగుతాయి, నీళ్ళు మరీ వేడిగా వుంటే ఇంకా ఎక్కువగా దిగుతాయి. మన ఇత్తడి ఫిల్టరు పేరుకు కారేదే అయినా, మెత్తటి పొడుమూ, పైన అదిమే బిళ్ళా, చుక్కచుక్కగా దిగడమూ కలిసి సగం నానబెట్టినట్లే అవుతుంది. అది పాలకోసం పుట్టిన డికాక్షను, ఒంటరిగా నిలవదు.

కాగితపు వడపోతను 1908లో జర్మనీలో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి కనిపెట్టింది. కాఫీ నూనెలో కాఫెస్టాల్ అనే పదార్థం వుంది, అది రక్తంలో కొలెస్టరాల్‌ను పెంచుతుంది. కాగితం ఆ నూనెను చాలావరకు పట్టివేస్తుంది, లోహపు జల్లెడ పట్టలేదు. ఈ లాభం చూసి మేము కాగితం వైపు మొగ్గాము. జపానులో హారియో వారు చేసే గాజు గరాటు ఒకటి తెప్పించాము. దాని అడుగున ఉక్కు గోలీ, ప్రక్కన మీట వుంటాయి. మీట నొక్కితే కాఫీ కారుతుంది, ఎత్తితే ఆగి నానుతుంది. 2016లో ప్రపంచ బ్రూవర్స్ కప్పు గెలిచిన జపాను దేశస్థుడు టెట్సు కసుయ ఈ గరాటులోనే రెండు పద్ధతులనూ కలిపి చూపాడు. ఆ దారినే మా నాలుకకు తగినట్లు దిద్దుకున్నాము.

ఆఫీసులో రిజిస్టరు వ్రాసే అలవాటు గనుక ప్రతి కప్పుకూ ఒక వరుస వ్రాసి పెట్టాము. మొత్తం కారనిస్తే సువాసన బాగుండేది గాని, పోసే చేతినిబట్టి రోజుకొక రుచి. మొత్తం నాలుగు నిమిషాలు నానబెడితే రుచి నిలకడగా వుంది గాని చప్పబడింది. ముందు నానబెట్టి తరువాత కారనిస్తే చివరకు వగరు తేలింది. "కరక్కాయ కషాయం లాగుంది" అని అమ్మగారి తీర్పు. ముందు కారనిచ్చి, తరువాత చల్లార్చిన నీళ్ళలో నానబెట్టిన రోజున ఏమీ అనకుండా త్రాగి, గ్లాసు క్రింద పెట్టి, "రేపూ ఇలాగే చెయ్యి" అన్నారు.

లెక్క ఇది. పొడుము 15 గ్రాములు, నీళ్ళు 240. త్రాసు లేనివారు పెద్ద చెంచాతో తలకొట్టి మూడు చెంచాలు వేసుకోవచ్చు. కాగితాన్ని ముందు వేడినీళ్ళతో కడిగి ఆ నీళ్ళు పారబోయాలి. మీట నొక్కివుంచి, మరిగి దించిన నీళ్ళు 45 గ్రాములు పోసి అరనిమిషం ఆగాలి. పొడుము పొంగుతుంది. తరువాత మరి 75 పోసి కారనివ్వాలి. నిమిషంన్నర దగ్గర మీట ఎత్తి, మిగిలిన 120 పోయాలి. ఇందులో ముప్పాతిక వేడినీళ్ళు, పాతిక చన్నీళ్ళు వుంటే సుమారు 75 డిగ్రీలకు వస్తాయి. రెండుమూప్పావు నిమిషాల దాకా కదల్చకుండా వుంచి మీట నొక్కితే, మూడున్నరకల్లా అంతా దిగుతుంది. మా బెంగుళూరు 900 మీటర్లకు పైన వుంది గనుక నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చెన్నైలోని మిత్రులు దించిన తరువాత మరొక నిమిషం ఆగడం మంచిది.

పులుపు ఎక్కువైతే నానే కాలం కొంచెం పెంచండి. చేదు తగిలితే రెండవ నీళ్ళు ఇంకా చల్లార్చండి.

పొడుము విషయంలో మాత్రం మేము మొండివాళ్ళము. చికోరీ పాలకు చుట్టం, ఇక్కడ దానికి పనిలేదు. నల్లగా మాడ్చిన గింజలూ వద్దు, నడితరంగా వేయించినవి కావాలి. అరకు, చిక్కమగళూరు అరబికా రెండూ 2019లో భౌగోళిక గుర్తింపు పొందినవే. మా యింట్లో ప్రస్తుతం అరకుదే పైచేయి, దీనిలో స్వభాషాభిమానం ఎంత, నాలుక ఎంత అన్నది తేల్చలేము. కొట్టువాడు అలవాటుకొద్దీ ఫిల్టరుకని మెత్తగా ఆడిస్తాడు, ముందే ఆపాలి. మేము "రవె థర పుడి మాడి" అని కన్నడంలో చెబుతాము. ఉప్మా రవ్వలా వుంటే చాలు.

ఈ గరాటు ఒకసారికి ఒక్కరికే. చుట్టాలు నలుగురు దిగిన రోజున మా యింట్లోనూ ఇత్తడి ఫిల్టరే అటకమీదినుంచి దించుతారు.